ఇంజిన్లు ఆపిన తరువాత

లారీలకు సీటు కవర్లు కుట్టే కొట్టు ఆమెది. డ్రైవర్లందరికీ ఆమె కుట్టక్క. ఆ పేరు ఎంతగా స్థిరపడిపోయిందంటే, కట్టుకున్న భర్త కూడా కోపం వచ్చినప్పుడు అలాగే పిలిచేవాడు. క్యాబిన్లోకి ఎక్కడం, సీటు కొలతలు తీసుకోవడం, చిరిగిన రెక్జిను పీకి కొత్తది బిగించి దిగడం, ఇదే పని. స్టీరింగు ముందు గంటల తరబడి కూర్చునేది గానీ దాన్ని ఒక్కసారీ తిప్పిన పాపాన పోలేదు.

"ఇన్ని బళ్ళెక్కావు, ఒక్కదాన్నన్నా కదిలించావా?" అని తమ్ముడు ఆటపట్టించేవాడు.

"నేను కదిలిస్తే నువ్వు రోడ్డు మీద తిరగలేవురా" అనేది ఆమె.

ఆ తమ్ముడు గోడలకు రంగులు వేసేవాడు. కొండవాలు మీది సందులో, చివరి వాటాలో ఒక్కడే ఉండేవాడు. పెళ్ళి మాటెత్తితే నవ్వి తప్పించుకునేవాడు. పక్క వాటాలో ఒక అవ్వ. ఆమె కాళ్ళు పడిపోయి మంచానికే అతుక్కుపోయింది గానీ నోరు మాత్రం సందు మొదలు దాకా వినపడేది.

ఆ ఏడు వాన పట్టిందంటే వదల్లేదు. ఒక మధ్యాహ్నం, ఇళ్ళల్లో అన్నాలు తినే వేళకు, కొండ జారింది. పెద్ద చప్పుడు కూడా రాలేదన్నారు చూసినవాళ్ళు. ఎవరో తడి బట్టల మూట కింద పడేసినట్టు వినిపించిందట. తిరిగి చూసేసరికి సందు లేదు.

కుట్టక్క పరుగున వెళ్ళేసరికి అడ్డంగా తాళ్ళు కట్టేశారు. అవతల పొక్లెయిన్లు మట్టి తోడుతున్నాయి. కాసేపటికొకసారి ఎవరో విజిలు వేసేవారు. అప్పుడు యంత్రాలన్నీ ఆపేసేవాళ్ళు. లోపల ఎవరైనా బతికుంటే మూలుగో, తట్టడమో వినపడుతుందని. వందమంది జనం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. తరువాత మళ్ళీ విజిలు, మళ్ళీ ఇంజిన్ల మోత.

మరునాడు మధ్యాహ్నం విజిలు వేసినప్పుడు ఆమెకు వినపడింది. టక్. కాస్త ఆగి, టక్ టక్. ఇనుము మీద ఇనుముతో ఎవరో ఓపిగ్గా కొడుతున్నట్టు.

"అదుగో! వాడే! తడుతున్నాడు!" అని గొంతు చించుకుని అరిచింది.

అందరూ మళ్ళీ చెవులు రిక్కించారు. సహాయక దళంలో ఒకతను మట్టికి ఏదో యంత్రం ఆనించి చాలాసేపు విన్నాడు. చివరికి లేచి, "చినుకులు రేకు మీద పడుతున్నాయమ్మా" అన్నాడు, ఎంతో మెత్తగా. ఆమె వాదించబోయేంతలో పైనుంచి ఇంజినీరు కేకలు వేశాడు. పైన నేల పగుళ్ళిస్తోంది, అందరూ వెనక్కి రావాలన్నాడు. వాళ్ళు వచ్చేశారో లేదో, అప్పటిదాకా నిలబడ్డ చోటే కొండ ఇంకో పెళ్ళ విరిగి పడింది. కాబట్టి ఆ ఇంజినీరును తప్పు పట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ తరువాత తవ్వకం ఆపేశారు. మిగతావాళ్ళందరూ దొరికారు. దొరకనివాళ్ళు ఇద్దరే, తమ్ముడూ, అవ్వా.

*

ఆ చప్పుడు ఆమెతోపాటు ఇంటికి వచ్చేసింది.

కుట్టుమిషను తొక్కుతున్నంతసేపూ ఏమీ ఉండేది కాదు. కాలు ఆపగానే, చక్రం ఇంకా తిరుగుతుండగానే, నేల అడుగునుంచి టక్, టక్ టక్. ఆమె కత్తెర పక్కన పెట్టి, పడుకుని గచ్చుకు చెవి ఆనించేది. కొట్టుకు వచ్చిన డ్రైవర్లు గుమ్మంలో నిలబడిపోయేవారు. అలికిడి చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయేవారు.

పక్కనే పంక్చర్లు వేసుకునే భర్త ఆమెను చెవుల డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళాడు. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు.

"చూశారా" అందామె బయటికొచ్చి.

"ఏం చూడటం? చెవులు బాగున్నాయన్నాడు గానీ చప్పుడు ఉందన్లేదుగా" అన్నాడు భర్త. అని, ఆమె మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు.

అలా ఉండగా ఒకరోజు సీటు కుట్టించుకోవడానికి నిదానం బాబాయ్ వచ్చాడు. ఆయన పొక్లెయిన్ ఆపరేటరు. ప్రతి మాటకూ ముందో వెనకో "నిదానం" అంటాడని ఆ పేరు. పొక్లెయిన్ను కొట్టు దాకా తేలేడు కాబట్టి ఆమే సంచీ తగిలించుకుని అది ఆగి ఉన్న చోటికి వెళ్ళింది. క్యాబిన్లోకి ఎక్కి, సీటు కింద బోల్టు కోసం వంగింది. పాదాల కింది ఇనపరేకు లోంచి వినపడింది, టక్. మట్టి వాసన గుప్పున కొట్టింది. ఆమె వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"బాబాయ్, ఆ రోజు కొండ దగ్గర ఉన్నది ఈ బండేనా?"

"ఇదే."

"నడిపింది?"

"నేనే."

ఆమె దిగి వచ్చి ఆయన ముందు నిలబడింది. "నాకు నేర్పు."

"ఏం నేర్పను?"

"దీన్ని నడపడం. వాడింకా అక్కడే ఉన్నాడు. ఎవరూ వెళ్ళరట. నేను వెళ్తాను."

నవ్వుతాడనుకుంది. తిడతాడనుకుంది. ఆయన తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, అది వణక్కుండా నొక్కుకుంటూ చాలాసేపు నేలకేసి చూశాడు.

"నిదానం" అన్నాడు చివరికి. "ముందు క్లచ్చు నేర్చుకో. క్లచ్చు తెలియని కాలికి చైన్ల బండి లొంగదు."

*

నేర్చుకునేందుకు ఆయన ఇచ్చింది తన పాత నీళ్ళ ట్యాంకరు లారీ. దాని గేరు కర్ర పళ్ళూడిన ముసలాడిలా ఎటు పట్టుకుంటే అటు ఊగేది. మొదటిరోజు ఆమె క్లచ్చు వదలగానే బండి కప్పలా గెంతి ఆగింది. మళ్ళీ స్టార్టు చేసింది, మళ్ళీ గెంతింది. బాబాయ్ తల క్యాబిన్ పైకప్పుకు టపీమని కొట్టుకుంది.

"నువ్వు కాలు తీసేస్తున్నావు. తీసెయ్యడం కాదు, వదలాలి. పసిబిడ్డ నిద్రపోయాక దాని తల కింద నుంచి చెయ్యి తీసినట్టు."

ఆ మాటతో క్లచ్చు పట్టుబడింది. ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా సగం క్లచ్చు మీద నిలబెట్టడం మాత్రం ప్రాణం తీసింది. కాలు వణికేది, చెమటకు చేతులు జారేవి. ట్యాంకులో సగమే నీళ్ళుండేవి. బ్రేకు వేసిన ప్రతిసారీ బండి ఆగాక కూడా ఆ నీళ్ళు ముందుకొచ్చి బలంగా ఒక తోపు తోసేవి. ఎవరో వెనకనుంచి వీపు మీద అరచెయ్యి పెట్టినట్టుండేది. మొదట్లో ఆమె ఉలిక్కిపడి వెనక్కి చూసేది.

"నీళ్ళే" అనేవాడు బాబాయ్.

"తెలుసు" అనేది ఆమె. మళ్ళీ చూసేది.

ఆ చలికాలం ముగిసేలోగా ఆమె ట్యాంకరును ఇరుకు సందులో వెనక్కి తీసి, గోడకు రాసుకోకుండా నిలబెట్టగలిగింది. పరీక్షకు వెళ్ళి లైసెన్సు కూడా తెచ్చుకుంది. అప్పుడు పొక్లెయిన్ ఎక్కించాడు ఆయన.

ఊరి బయట మట్టి తవ్వేసి వదిలేసిన గుంత ఒకటి ఉంది. అక్కడ నేర్పేవాడు. స్టీరింగు లేదు, గేర్లు లేవు. చెరో చేతికింద ఒక లివరు, కాళ్ళ ముందు రెండు పెడళ్ళు. ఎడమ లివరును పక్కకు తోస్తే బండి నడుము తిరుగుతుంది, ముందుకూ వెనక్కూ తోస్తే మోచెయ్యి చాచుతుంది, ముడుస్తుంది. కుడి లివరు భుజాన్ని ఎత్తుతుంది, దించుతుంది, మట్టి తోడే బకెట్ పిడికిలి బిగిస్తుంది, విప్పుతుంది. ఆయన ఇలా శరీరంలా చెప్పాడు గనక ఆమెకు అర్థమైంది గానీ, చేతులు మాత్రం చెప్పిన మాట వినలేదు. మొదటి గంటలోనే బకెట్‌ను నేలకేసి బాదింది. ముందువైపు చైన్లు గాలిలోకి లేచి ధబ్బున పడ్డాయి. క్యాబిన్లో ఆమె ముందుకు తూలి అద్దానికి ముక్కు ఆనించింది.

"నిదానం తల్లీ, భూమి ఎక్కడికీ పోదు" అని కింద నుంచి అరిచాడు ఆయన.

బట్టలుతికే తొట్టి నిండా నీళ్ళు పోసి, దాని పిడిని బకెట్ పంటికి తగిలించి, చుక్క ఒలక్కుండా గుంత ఈ చివర నుంచి ఆ చివరకు చేర్చమనేవాడు. ఆమె తొట్టిని పగలగొట్టింది, ఒంచేసింది, ఒకసారి దాని మీదే బకెట్ దించి అప్పడంలా చేసేసింది. భర్త కొత్త తొట్టి తెచ్చి ఇస్తూ, "ఇది మాత్రం ఇంట్లో వాడుకునేదే, మట్టసంగా తీసుకురా" అని బతిమాలుకున్నాడు. ఎందుకు నేర్చుకుంటోందో భర్తకు తెలుసు. ఒద్దని ఒక్కసారీ అనలేదు.

తొట్టి సంగతి చేతికి వచ్చాక బాబాయ్ ఆమెను కళ్ళు మూసుకోమన్నాడు. మట్టిలో ఏవేవో పాతిపెట్టాడు, రాయి, దుంగ, పాత టైరు, గోనెసంచి. ఆమె బకెట్ పళ్ళతో మెల్లగా గీరుతూ అదేమిటో చెప్పాలి. రాయి అయితే లివరు గరగరమంటుంది. దుంగ అయితే ముందు ఒప్పుకుని తరువాత మొండికేస్తుంది. టైరు వెనక్కి నెడుతుంది.

"గుడ్డ?" అడిగింది ఆమె.

"గుడ్డ ఏమీ చెప్పదు. మట్టి చెప్పే మాట అక్కడ ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం తెలియాలి."

ఆరోజు పని ముగించి ఇంజిను ఆపింది. చేతులు లివర్ల మీదే ఉన్నాయి. ఇంజిను ఆగిన పొక్లెయిన్ లివర్లలో ప్రాణం ఉండదు. అలాంటిది ఎడమ లివరు ఆమె అరచేతిలో కదిలింది. టక్. కాస్త ఆగి, టక్ టక్.

ఆమె చెయ్యి తియ్యలేదు. కిందనున్న బాబాయ్ వైపు చూసింది. ఆయన ఆమె మొహం చూసి నిచ్చెన పట్టుకుని మెల్లగా పైకెక్కి, వణికే తన చేతిని ఆమె చేతి మీద పెట్టాడు. ఎండ చిటచిటలాడుతోంది. గుంత గట్టున ఎవరో మేకలను అదిలిస్తున్నారు.

"ఆ రోజు నీ కేక వినపడింది నాకు" అన్నాడాయన. "నాకు చెవులు మందగించి చాలా కాలమైంది, ఇంజిన్ల పక్కన బతికినవాణ్ణి. నువ్వు విన్నది నేను వినలేదు. కానీ సరిగ్గా అప్పుడే ఈ లివరు నా చేతిలో తట్టింది. ఇక్కడ తవ్వనివ్వండి అన్నాను. ఇంజినీరు వద్దన్నాడు. వద్దనకపోతే నేనూ ఆ పెళ్ళ కింద ఉండేవాణ్ణి."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? అప్పటి నుంచీ ఈ చెయ్యి ఆగడం లేదు. నరాల జబ్బంటారు. మందులిచ్చారు. నేనూ అదే అనుకుందామని చూశాను."

*

మళ్ళీ వానలు పట్టకముందే కొండను పైనుంచి మెట్లు మెట్లుగా కోసి, వాటి కింద గోడ కట్టాలని నిర్ణయించారు. ఆ పని బాబాయ్ బండికే దొరికింది. వచ్చింది ఆ పాత ఇంజినీరే. లివర్ల ముందు ఎవరు కూర్చుంటారో తెలిసి ఆమెను ఎగాదిగా చూశాడు. ఒక అంచు కోయించి చూశాడు. దిగి వచ్చి, కోత గోడను చేత్తో తడిమి, "ఒక్కటే షరతు. నేను విజిలేస్తే ఎక్కడున్నా, ఏం కనపడినా, ఆపి దిగిపోవాలి. మాటివ్వండి" అన్నాడు.

"మీ మాట ఆ రోజూ నిజమే అయిందండీ. దిగుతాను" అంది కుట్టక్క.

పై మెట్లు కోసినన్నాళ్ళూ ఆమెకు దడే తప్ప మరో ఆలోచన లేదు. బండి ఒరిగితే తిన్నగా కిందికే. కింది మెట్టుకు దిగాక మట్టి మారింది. ఇటుక ముక్కలు, కరెంటు తీగలు, ఒక చిన్నపిల్ల చెప్పు. ప్రతిదానికీ ఆపి, దిగి, తీసి పక్కన పెట్టేది. ఎవరూ తొందర పెట్టలేదు.

తమ్ముడి గది దొరికింది. రంగు డబ్బాలు మూతలు ఊడకుండా నలిగిపోయి ఉన్నాయి. విరిగిన నిచ్చెన ఉంది. అన్నం వండిన గిన్నె, దాని మీద బోర్లించిన పళ్ళెం. మనిషి లేడు. గది నేల కనపడేదాకా తీసింది. మంచం కింద చూసింది, మూలలు చూసింది. లేడు.

క్యాబిన్లోకి తిరిగి వచ్చి ఇంజిను వెయ్యకుండా కూర్చుంది. లివర్ల మీద చేతులు పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు. చాలాసేపు ఎదురు చూసింది. బాబాయ్ కింద నిలబడి ఆమెకేసే చూస్తున్నాడు. అప్పుడు వచ్చింది, ఎడమ లివరులో, నడుము తిరిగే వైపుకు. టక్. టక్ టక్. తమ్ముడి గది లోంచి కాదు. పక్క గోడ అవతల నుంచి.

"అవ్వ వాటా" అంది ఆమె, ఎవరికీ వినపడనంత మెల్లగా.

ఇంజిను వేసి బండిని అటు తిప్పింది. పైన ఇంజినీరు విజిలు నోట్లో పెట్టుకుని, ఊదకుండా నిలబడ్డాడు. గోడ ఇటుకలు ఒక్కొక్క వరుసే తీసింది. తరువాత మట్టి. బకెట్ పళ్ళు గీరుతున్నాయి, లివరు గరగరమంటోంది, గరగరమంటోంది. ఒక్కసారిగా ఆ మాట ఆగిపోయింది. ఆమె రెండు చేతులూ వదిలేసింది.

మిగతాది మనుషులు చేతులతో తీశారు. గుమ్మం దగ్గర ఉన్నారు ఇద్దరూ. అవ్వ వాడి వీపు మీద ఉంది, రెండు చేతులూ వాడి మెడ చుట్టూ వేసుకుని. వాడి చొక్కా మీద ఎండిన నీలం రంగు మరకలు. వండుకున్న అన్నం వదిలేసి, కొండ కదలడం చూసి, తను పరిగెత్తకుండా పక్క గదిలోకి వెళ్ళాడన్నమాట. ఇంకో రెండడుగులు వేస్తే బయటికొచ్చేవాళ్ళు. తవ్వకం ఇక్కడిదాకా రాకముందే ఆపేశారు గనకే అప్పుడు ఎవరికీ దొరకలేదు.

కుట్టక్క ఏడవలేదు. అవ్వ చేతుల్ని వాడి మెడ నుంచి విడదీస్తుంటే మాత్రం, "నిదానం, నిదానం" అంది.

శవపరీక్ష చేసిన డాక్టరు వయసులో చిన్నావిడ. కుట్టక్క చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఇద్దరూ ఆ క్షణంలోనే పోయారమ్మా. ఊపిరాడక కొట్టుకోలేదు. మీరు అదొక్కటీ నమ్మండి."

"మరునాటికి?" అడిగింది కుట్టక్క.

"మరునాటి దాకా లేరు. నిమిషం కూడా లేరు."

ఆ మాట మంచికే చెప్పిందని ఆమెకు తెలుసు. తలూపింది. బయట బెంచీ మీద బాబాయ్ పక్కన కూర్చుని ఆ మాటే ఆయనకు చెప్పింది. ఇద్దరికీ ఒకే ప్రశ్న వచ్చింది. ఇద్దరూ అడగలేదు. ఆ గుమ్మం దగ్గర రేకు గానీ, పైపు గానీ, ఇనుమన్నది ఏదీ లేదని వాళ్ళిద్దరికీ తెలుసు. ఆ చోటును అంగుళం అంగుళం తీసింది వాళ్ళే.

అంత్యక్రియలు అయ్యాక ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని, తొక్కి, కాలు ఆపి చూసింది. చక్రం తిరిగి తిరిగి ఆగింది. ఏమీ లేదు. హాయిగా ఉండాల్సింది. ఉండలేదు. ఎవరో ఖాళీ చేసి వెళ్ళిపోయిన గదిలా ఉంది చెవి. నాలుగైదుసార్లు ఊరికే తొక్కి ఆపింది. భర్త గుమ్మం దగ్గరే నిలబడి చూసి, లోపలికొచ్చి పక్కన కూర్చున్నాడు.

"నాకు ఆగిపోయింది బాబాయ్. నీకు?" అని మరునాడు అడిగింది.

ఆయన ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. అది వణుకుతూనే ఉంది. "ఇది ముసలితనం లేవే" అన్నాడు. అని, దాన్ని కుడిచేత్తో కప్పుకున్నాడు.

*

గోడ కట్టే పని సగంలో ఉండగా అవ్వ కూతురు వచ్చింది. అంత్యక్రియలకు వచ్చినప్పుడు కొండ ఎక్కే ధైర్యం చాలలేదట. ఇప్పుడు చూడాలంది. నడిచే దారి ఎప్పుడో పోయింది. లారీలు ఎక్కడానికి వేసిన మట్టి బాట ఒక్కటే ఉంది. గోడకు నీళ్ళు పట్టడానికి ట్యాంకరు ఎలాగూ పైకి వెళ్ళాలి. కుట్టక్క ఆమెను పక్క సీట్లో ఎక్కించుకుంది.

బాట నిలువుగా ఉంది. మొదటి గేరులో బండి మూలుగుతూ ఎక్కింది. మలుపు దగ్గర ఎదురుగా మట్టి లారీ దిగి వస్తుంటే ఎత్తు మీదే ఆపి, క్లచ్చు మీద నిలబెట్టి, అది పోయాక కదిలించింది. బండి అంగుళం కూడా వెనక్కి జారలేదు. కూతురు డ్యాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంది.

పైన ఆపాక, కొత్తగా లేస్తున్న గోడ వెనక ఒక చోటు చూపించింది కుట్టక్క. అక్కడ ఇప్పుడు నున్నటి మట్టి తప్ప ఏమీ లేదు. కూతురు దిగలేదు. అద్దంలోంచే చూసింది.

"అమ్మ బాగా భయపడి ఉంటుందా?" అని అడిగింది కాసేపటికి.

భయపడలేదని చెప్పడానికి కుట్టక్కకు మనసొప్పలేదు. తెలియని మాట చెప్పకూడదనుకుంది.

"భయపడే ఉంటుంది. కానీ మావాణ్ణి తిడుతూనే ఉండి ఉంటుంది. రంగు చేతులతో ముట్టుకోకురా, చీర పాడవుతుంది అని."

కూతురు ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. కుట్టక్క హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేసి, ఆమె తేరుకునే దాకా ఇంజిను ఆపకుండా అలాగే కూర్చుంది. కింద మేస్త్రీ నీళ్ళ కోసం చెయ్యి ఊపుతున్నాడు.